రెజ్లింగ్ దోస్తీలు, పగలు, వెన్నుపోట్లు: అందరూ అడిగే ప్రశ్నలకి జవాబులు

రెజ్లింగ్ చూస్తానని ఎవరితోనైనా అన్నానా, అవే పాతిక ప్రశ్నలు. అండర్‌టేకర్ నిజంగా చచ్చి బతికాడా దగ్గర మొదలై, రోమన్ రెయిన్స్‌కి రాక్ ఏమవుతాడు అన్నదాకా. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పే ఓపిక లేక అన్నీ ఒక్కచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి. ఎక్కువగా డబ్ల్యూడబ్ల్యూఈ, ఒకప్పటి దాని పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ కథలే ఉంటాయి, మనవాళ్లు అడిగేవి అవే కాబట్టి.

## ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లకి

అంతా ముందే రాసుకున్నదే కదా, మరి ఈ పగలూ ప్రతీకారాలూ ఎందుకు?

రాసుకున్నదే, అందులో దాపరికం ఏం లేదు. ఎవరు గెలవాలో ముందే తేల్చేస్తారు, పడటం మాత్రం నిజంగానే పడాలి. 1989లో న్యూజెర్సీ సెనేట్ ముందు కంపెనీయే ఇది వినోదం అని ఒప్పుకుంది, క్రీడలకుండే పన్నూ పర్యవేక్షణా తప్పుతాయని. అయినా జనం చూడటం మానలేదు. ఇద్దరు ఊరికే కొట్టుకుంటే ఐదు నిమిషాలకి బోర్ కొడుతుంది, అదే ఇద్దరూ నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్నవాళ్లని తెలిస్తే కళ్లు తిప్పుకోలేం. ఎవరు గెలిచారన్నది నెలకి మర్చిపోతాం, ఎందుకు కొట్టుకున్నారో మాత్రం ఇరవై ఏళ్లైనా గుర్తుంటుంది.

ఫేస్, హీల్, టర్న్ అంటుంటారు, ఏంటివి?

ఫేస్ అంటే హీరో, హీల్ అంటే విలన్, అటువాడు ఇటొస్తే టర్న్. మొదటినుంచీ విలన్‌గా ఉన్నవాడి కంటే మన పక్కనుంచి విలనైనవాడికి పదింతలు తిట్లు పడతాయి, అందుకే టర్న్‌ని పొదుపుగా వాడుకోవాలి. బిగ్ షో అనే రెజ్లర్‌ని అటూ ఇటూ ఎన్నిసార్లు తిప్పారంటే, ఈ వారం ఎటున్నాడో పట్టించుకోవడమే జనం మానేశారు.

ట్యాగ్ టీమ్, ఫ్యాక్షన్ రెండూ ఒకటేనా?

కాదు. ట్యాగ్ టీమ్‌లో మామూలుగా ఇద్దరుంటారు, తాడు దగ్గర చేతులు తాకించుకుని మారుతూ ఆడతారు. ఫ్యాక్షన్ అనగానే మనకి సుమోలు గాల్లోకి లేస్తాయి గానీ ఇక్కడ దాని అర్థం ముగ్గురు, నలుగురు, అంతకంటే ఎక్కువమంది కట్టే ముఠా. స్టేబుల్ అని కూడా అంటారు. 1985 చివర్లో రిక్ ఫ్లెయిర్, ఆర్న్ ఆండర్సన్, ఓలీ ఆండర్సన్, టల్లీ బ్లాంచర్డ్ కలిసి కట్టిన ఫోర్ హార్స్‌మెన్ దీనికి అచ్చు వేసింది. వాళ్లకి మేనేజర్ జేజే డిల్లన్. నాలుగు వేళ్లు చూపించడం, ఖరీదైన సూట్లు, నాయకుడి ఛాంపియన్ బెల్ట్ కాపాడటానికి మిగతావాళ్లు అడ్డుపడటం, అన్నీ అక్కడివే. తర్వాత వచ్చిన ముఠాలు ఆ అచ్చులోనే పోసుకున్నాయి.

బయట కూడా వీళ్లు మాట్లాడుకోరా?

ఇప్పుడు హాయిగా మాట్లాడుకుంటారు, సోషల్ మీడియాలో ఫొటోలు కూడా పెట్టుకుంటారు. ఒకప్పుడు మాత్రం రింగ్‌లో శత్రువులు బయట కలిసి కనిపిస్తే ఉద్యోగం పోయేది. ఆ కట్టుబాటుని కేఫేబ్ అనేవాళ్లు. 1987లో హాక్సా జిమ్ డగ్గన్, ఐరన్ షేక్ ఇద్దరూ ఒకే కారులో వెళ్తూ న్యూజెర్సీలో పోలీసులకి దొరికిపోయారు. ఒకడు అమెరికా జెండా పట్టుకుని వచ్చేవాడు, ఇంకొకడు ఇరాన్ జెండా ఊపేవాడు, టీవీలో ఒకరంటే ఒకరికి పడదు. కారులో దొరికిన మత్తు పదార్థాల కంటే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారన్న వార్తే కంపెనీకి ఎక్కువ మండింది.

ఏ జట్టూ నిలవదేంటి? కలిసుంటే ఏం పోతుంది?

కథ పోతుంది. రెజ్లింగ్‌లో స్నేహం అంటే బ్యాంకులో వేసిన డిపాజిట్ లాంటిది, ఎన్నాళ్లు ఉంచితే విడగొట్టిన రోజు అంత వడ్డీ. నా లెక్కలో విడగొట్టడం తప్పు కాదు, మూడు నెలలకే విడగొట్టడం తప్పు. కోఫీ కింగ్‌స్టన్, జేవియర్ వుడ్స్, బిగ్ ఈ కలిసిన న్యూ డే పదేళ్లు చెక్కు చెదరలేదు, వీళ్లని మాత్రం వదిలేశారులే అనుకున్నాం. 2022లో బిగ్ ఈ మెడ విరిగి ఆటకి దూరమయ్యాడు. 2024 డిసెంబర్ 2న, పదో వార్షికోత్సవం వేడుకలో, అదే బిగ్ ఈని మిగతా ఇద్దరూ మాకొద్దు పొమ్మన్నారు. ఒక్క దెబ్బ కొట్టలేదు, కుర్చీ ఎత్తలేదు, మాటలే. వాళ్లని ఇప్పటికీ క్షమించలేని ఫ్రెండ్ ఒకడున్నాడు నాకు, వాడికి ముప్ఫై ఆరేళ్లు.

## చిన్నప్పటి డౌట్లు

అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి బతికాడట, నిజమేనా?

మా స్కూల్లో ఈ మాట మీద కొట్లాటలే అయ్యాయి. ట్రంప్ కార్డుల్లో ర్యాంకు, ఛాతీ, బైసెప్స్ చూసుకుని ఆడుకునే రోజులు, అండర్‌టేకర్ కార్డు చేతిలో ఉన్నవాడే రాజు. కథలో అయితే అతన్ని చాలాసార్లు "చంపారు". 1994 జనవరిలో యోకోజునాతో శవపేటిక మ్యాచ్, పదిమంది కలిసి పెట్టెలోకి తోశారు. 1996లో మ్యాన్‌కైండ్‌తో బ్రతికుండగా పూడ్చే మ్యాచ్. 1998లో కేన్ ఏకంగా పెట్టెకి నిప్పే పెట్టాడు. 2003లో మళ్లీ మట్టిలో కప్పేశారు. ప్రతిసారీ వెనక అసలు కారణం మామూలే: గాయానికి విశ్రాంతి కావాలి, సెలవు కావాలి, లేదంటే వేషం మార్చాలి. మనం ఆఫీసుకి జ్వరమని మెసేజ్ పెడతాం, ఆయన సమాధిలోకి వెళ్లేవాడు.

అక్షయ్ కుమార్ కొట్టింది నిజం అండర్‌టేకర్‌నేనా?

కాదు. 1996లో వచ్చిన ఆ హిందీ సినిమాలో కనిపించింది బ్రయన్ లీ అనే వేరే రెజ్లర్. తమాషా ఏంటంటే ఇతను నిజంగానే దొంగ అండర్‌టేకర్‌గా ఆడాడు, 1994 సమ్మర్‌స్లామ్‌లో అసలుకీ నకిలీకీ మధ్య మ్యాచ్ పెట్టారు, అసలువాడే గెలిచాడు. అక్షయ్ కొట్టింది ఆ నకిలీనే. ఈ ఒక్క ముక్క తెలియక మన దేశంలో ఎన్ని పందేలు పోయాయో.

అండర్‌టేకర్, కేన్ సొంత అన్నదమ్ములా?

చుట్టరికమే లేదు. అండర్‌టేకర్ అసలు పేరు మార్క్ కలవే, కేన్ పేరు గ్లెన్ జేకబ్స్. ఇంట్లో నిప్పంటుకుని తమ్ముడు కాలిపోయాడనీ, అన్నే తగలబెట్టాడనీ, ముసుగు ఆ మచ్చలు దాచడానికనీ నెలల తరబడి చెప్పి చెప్పి ఊరించారు. 1997 అక్టోబర్ 5న, మొట్టమొదటి హెల్ ఇన్ ఎ సెల్ మ్యాచ్ మధ్యలో, కేన్ వచ్చి పంజరం తలుపు ఊడబీకి అన్న ఎదురుగా నిలబడ్డాడు. అండర్‌టేకర్ ముఖంలో మొదటిసారి భయం చూశాం. అంతకుముందు ఇదే మనిషి పళ్ల డాక్టర్ వేషంలో వచ్చి నవ్వులపాలయ్యాడు, కథ సరిగ్గా కుదిరితే మనిషి జాతకం ఎలా మారుతుందో చూడండి. 2018లో టెనెసీ రాష్ట్రంలోని నాక్స్ కౌంటీకి మేయర్‌గా కూడా గెలిచాడు.

మరి నిజం అన్నదమ్ములు ఎవరు, ఉత్తుత్తి అన్నదమ్ములు ఎవరు?

మ్యాట్, జెఫ్ హార్డీ నిజం. ఉసోలు నిజం, కవలలు. స్టైనర్ సోదరులు నిజం. ఎడ్జ్, క్రిస్టియన్ చిన్ననాటి స్నేహితులే తప్ప అన్నదమ్ములు కారు. డడ్లీ సోదరుల్లో బబ్బా రే తెల్లవాడు, డీవాన్ నల్లవాడు, అయినా చిన్నప్పుడు మాకు అనుమానం రాలేదు. వీళ్లందరిలో నాకిష్టమైన కొట్లాట బ్రెట్ హార్ట్, ఓవెన్ హార్ట్‌లది. ఇద్దరూ నిజం అన్నదమ్ములు. 1994 మార్చి 20న, కంపెనీ ఏటా పెట్టే అతిపెద్ద షో రెసిల్‌మేనియా 10 మొదలైందే వీళ్ల మ్యాచ్‌తో, తమ్ముడు ఓవెన్ గెలిచాడు. అదే రాత్రి చివర్లో యోకోజునాని కొట్టి అన్న ఛాంపియన్ అయితే, అందరూ రింగ్‌లో అతన్ని భుజాలకెత్తుకుంటుంటే, కొంచెం దూరంలో నిలబడి చూస్తున్న ఓవెన్ ముఖం చూడండి. అన్నని ఓడించినా అన్న నీడలోంచి బయటపడలేకపోయిన తమ్ముడు. డైలాగే అక్కర్లేదు.

డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఎందుకు డబ్ల్యూడబ్ల్యూఈ అయింది?

పాండా బొమ్మ ఉండే వన్యప్రాణి సంస్థ కూడా అవే మూడక్షరాలు వాడుతుంది. కోర్టుకెళ్లింది, గెలిచింది. 2002 మేలో పేరు మారిపోయింది. అండర్‌టేకర్‌ని లేపగలిగిన కంపెనీ పాండా చేతిలో ఓడిపోయింది.

ఖలీ అండర్‌టేకర్‌ని నిజంగా ఓడించాడా?

ఓడించాడు, 2006 మే 21న జడ్జ్‌మెంట్ డే అనే షోలో, అదీ ఏకపక్షంగా. అప్పటికి వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. పంజాబ్ పోలీసులో పనిచేసిన దలీప్ సింగ్ రాణా ఒంటికాలు మోపి అండర్‌టేకర్‌ని పిన్ చేస్తే, అంటే మూడు లెక్కపెట్టేదాకా నేలకి అదిమి ఉంచితే, మన ఇళ్లల్లో విజిల్స్ పడ్డాయి. ఆగస్టులో అండర్‌టేకర్ బదులు తీర్చుకున్నాడు. 2007 జులైలో ఖలీ వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ కూడా అయ్యాడు. ఆటగాడిగా గొప్పవాడంటే నేను ఒప్పుకోను, మోకాళ్లు సహకరించేవి కావు. అండర్‌టేకర్ మాత్రం అతని కోసం ఎంత పడ్డాడో, ఎంత కష్టపడి అతన్ని రాక్షసుడిలా చూపించాడో ఇప్పుడు మళ్లీ చూస్తే తెలుస్తుంది.

## పేరుమోసిన జట్లు

మెగా పవర్స్ ఎందుకు విడిపోయింది? హోగన్‌ది తప్పా, సావేజ్‌ది తప్పా?

మెగా పవర్స్ అంటే వీళ్లిద్దరి జట్టు. నా ఓటు సావేజ్‌కే, దీని మీద ఎంతసేపైనా వాదిస్తాను. 1988 మార్చిలో రెసిల్‌మేనియా 4లో హోగన్ సాయంతో రాండీ సావేజ్ ఛాంపియన్ అయ్యాడు. మధ్యలో మిస్ ఎలిజబెత్, బయట కూడా సావేజ్ భార్య. కౌగిలింతలు కొంచెం ఎక్కువసేపు, చూపులు కొంచెం అనుమానంగా, అలా ఏడాదిపాటు సన్న సెగ మీద మరిగించారు. 1989 ఫిబ్రవరి 3న ట్విన్ టవర్స్ అనే జట్టుతో మ్యాచ్‌లో సావేజ్‌ని బయటికి విసిరితే వెళ్లి ఎలిజబెత్ మీద పడ్డాడు, ఆమెకి స్పృహ పోయింది. హోగన్ పార్ట్‌నర్‌ని శత్రువులకి వదిలేసి ఆమెని ఎత్తుకుని లోపలికి పరిగెత్తాడు. తిరిగొచ్చాక సావేజ్ అతని చెంప ఛెళ్లుమనిపించి వెళ్లిపోయాడు. ఇప్పుడు చెప్పండి, మీ ఫ్రెండ్ అలా చేస్తే మీకు మండదా? ఏప్రిల్ 2న రెసిల్‌మేనియా 5లో హోగనే గెలిచాడు, రాసేవాళ్లు అతని పక్షం మరి.

ఎన్‌డబ్ల్యూఓ (న్యూ వరల్డ్ ఆర్డర్) ముఠా గురించి అంత గొప్పగా చెబుతారు, ఏం చేశారు వాళ్లు?

1996 మేలో స్కాట్ హాల్ జనంలోంచి నడుచుకుంటూ డబ్ల్యూసీడబ్ల్యూ షోలోకి వచ్చాడు. పోటీ కంపెనీ పంపిన మనిషిలా మాట్లాడాడు. తర్వాత కెవిన్ నాష్ చేరాడు. మూడోవాడున్నాడు, ఎవరో జులై 7న చెబుతామన్నారు.

ఆ రాత్రి ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో మ్యాచ్ దాదాపు చేజారిపోతుంటే హల్క్ హోగన్ వచ్చాడు. పన్నెండేళ్లుగా పిల్లలకి ప్రార్థన చేయండి, విటమిన్లు తినండి అని చెబుతున్న మనిషి. హాల్, నాష్ భయపడ్డట్టు బయటికి జారుకున్నారు. జనం లేచి అరుస్తున్నారు. హోగన్ చొక్కా చింపుకున్నాడు, కింద పడి ఉన్న సావేజ్ వైపు చూశాడు, పరిగెత్తి అతని మీదే లెగ్ డ్రాప్ వేశాడు, అంటే ఎగిరి కాలితో మీద పడ్డాడు. ఒక్క క్షణం హాలంతా ఏం జరిగిందో అర్థంకానట్టు ఉండిపోయింది, ఆ తర్వాత చెత్త పడటం మొదలైంది. కప్పులు, సీసాలు, కాగితాలు. మైకు పట్టుకుని హోగన్ మాట్లాడుతున్నంతసేపూ రింగ్‌లో చెత్త పేరుకుంటూనే ఉంది, ఒక అభిమాని ఏకంగా రింగ్‌లోకి దూకేశాడు.

సోమవారం రాత్రుల రేటింగుల్లో డబ్ల్యూసీడబ్ల్యూ వరసగా 83 వారాలు గెలిచిందంటే అందులో ఆ వెన్నుపోటు పుణ్యం చాలానే ఉంది.

మరి అంత పెద్ద ముఠా ఎలా కుప్పకూలింది?

తలుపులు బార్లా తెరిచేశారు. వచ్చినవాడికల్లా నలుపూ తెలుపూ టీషర్ట్ ఇచ్చేశారు, 1998లో ఎరుపు రంగుతో చీలిక ముఠా కూడా పుట్టింది. 1999 జనవరి 4న అట్లాంటాలో హోగన్, నాష్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ పెట్టి, హోగన్ ఒక వేలితో ఛాతీ మీద పొడిస్తే నాష్ వెల్లకిలా పడిపోయి బెల్ట్ అప్పజెప్పాడు. అదే రాత్రి అవతలి ఛానెల్లో మిక్ ఫోలీ ఛాంపియన్ అవుతున్నాడని వీళ్లే వెటకారంగా లీక్ చేశారు, జనం వెంటనే అటు తిప్పేసి ఫోలీని చూశారు. 2001 మార్చిలో కంపెనీనే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఓనర్ విన్స్ మెక్‌మాన్ కొనేశాడు.

ఎవల్యూషన్‌లో ఆ బొటనవేలి సీన్ ఏంటి?

ఎవల్యూషన్ ముఠాలో నలుగురు: ట్రిపుల్ హెచ్, రిక్ ఫ్లెయిర్, రాండీ ఆర్టన్, బటిస్టా. 2004 ఆగస్టులో కుర్రాడు ఆర్టన్ వరల్డ్ ఛాంపియన్ అయిన మర్నాడు బటిస్టా అతన్ని భుజాల మీద ఎక్కించుకుంటే, ఎదురుగా ట్రిపుల్ హెచ్ నవ్వుతూ బొటనవేలు పైకి చూపించి, మెల్లగా కిందికి తిప్పాడు. అంతే, బటిస్టా కింద పడేశాడు, అందరూ కలిసి చితకబాదారు. ఆరు నెలల తర్వాత, 2005 ఫిబ్రవరిలో, బల్ల మీద రెండు కాంట్రాక్టులు పెట్టి ఎవరితో మ్యాచ్ కావాలో బటిస్టాని తేల్చుకోమన్నారు. బటిస్టా ట్రిపుల్ హెచ్ వైపు చూసి అదే బొటనవేలు పైకెత్తి, అదే స్పీడ్‌లో కిందికి తిప్పాడు. తర్వాత బల్ల విరిగింది లెండి. మాట లేకుండా ఒక్క వేలితో రాసిన స్క్రీన్‌ప్లే.

జెరికో, ఓవెన్స్ ఫ్రెండ్‌షిప్ సీన్ చూసి ఏడ్చానంటే నవ్వుతున్నారు. నేనొక్కడినేనా?

కాదు సోదరా. 2017 ఫిబ్రవరి 13, లాస్ వేగాస్. క్రిస్ జెరికో తన ప్రాణస్నేహితుడు కెవిన్ ఓవెన్స్ కోసం స్నేహ పండగ అని పెట్టాడు. మెరుపుల కోటు, డాన్సర్లు, మెజీషియన్, ఒక పెద్ద పెయింటింగ్. నెలల తరబడి జెరికో కామెడీ ఒక్కటే: నచ్చనివాడి పేరు అట్టమీద రాసుకోవడం. ఓవెన్స్ కొత్త అట్ట బహుమతిగా ఇచ్చాడు. జెరికో మురిసిపోతూ చదివాడు, ఇందులో నా పేరెందుకుంది అన్నాడు. అట్టని తిప్పేసరికి పైన రాసుంది, అది ఓవెన్స్ లిస్ట్ అని. జెరికో నవ్వు ఆరిపోయేంత టైమ్ ఇచ్చి మరీ కొట్టాడు ఓవెన్స్.

## పేరుమోసిన పగలు

హోగన్, ఆండ్రే మ్యాచ్ అంత గొప్పదా? చూస్తే నెమ్మదిగా ఉంది.

నెమ్మదే, ఆండ్రేకి అప్పటికే వెన్ను పాడైపోయింది. 1987 మార్చి 29, పాంటియాక్ సిల్వర్‌డోమ్, కంపెనీ చెప్పే లెక్క 93,173 మంది. 520 పౌండ్లని ప్రకటించిన మనిషిని హోగన్ ఎత్తి పడేశాడు. పదిహేనేళ్లుగా ఓటమి లేదు, ఎవరూ ఎత్తలేదు అన్నవి పబ్లిసిటీ మాటలు. 1980లో షే స్టేడియంలో వీళ్లిద్దరే తలపడ్డారు, అప్పుడు విలన్ హోగన్. మ్యాచ్ కంటే గొప్ప సంగతి, హోగన్ తనని ఎత్తేలా ఆండ్రే ఒప్పుకోవడం. ఆయన వద్దనుకుంటే ఎవరి తరమూ అయ్యేది కాదు.

మాంట్రియల్‌లో బ్రెట్ హార్ట్‌కి జరిగింది నాటకమా నిజమా?

నిజం. నాటకం ఆడేవాడికి చెప్పకుండా నాటకం మార్చేశారు. 1997 నవంబర్ 9, సర్వైవర్ సిరీస్ అనే షో. ఛాంపియన్ బ్రెట్ పోటీ కంపెనీకి వెళ్లిపోతున్నాడు, సొంత దేశం కెనడాలో, అదీ బయట కూడా పడని షాన్ మైకేల్స్ చేతిలో ఓడనన్నాడు. సరే, గెలుపోటమి తేలకుండా ముగిద్దామని ఒప్పుకున్నారు. మ్యాచ్ మధ్యలో మైకేల్స్ బ్రెట్ సొంత పట్టు షార్ప్‌షూటర్‌నే బ్రెట్‌కి వేశాడు, పక్కనే నిలబడ్డ విన్స్ మెక్‌మాన్ గంట కొట్టించేశాడు. బ్రెట్ ఓటమి ఒప్పుకోనేలేదు. లేచి విన్స్ ముఖం మీద ఉమ్మాడు, గాల్లో వేలితో కొత్త కంపెనీ పేరు రాశాడు, లోపలికెళ్లాక విన్స్‌ని నిజంగానే గుద్దాడు. 2010 జనవరి 4న రింగ్‌లో మైకేల్స్‌ని కౌగిలించుకునేదాకా పన్నెండేళ్లు పట్టింది.

స్టోన్ కోల్డ్‌కీ ఓనర్‌కీ గొడవ ఎందుకంత హిట్టయింది?

బాస్‌ని కొట్టాలని ఎవడికుండదు? మాంట్రియల్ దెబ్బతో జనం విన్స్‌ని నిజంగానే అసహ్యించుకున్నారు, ఆయన దాన్నే పాత్రగా మార్చుకున్నాడు. ఎదురుగా స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్, టై కట్టుకోడు, బీరు తాగుతాడు, చెప్పిన మాట వినడు. బాస్‌కున్న ఖరీదైన కారులో ఆస్టిన్ సిమెంట్ నింపాడు. 1999 మార్చిలో బీరు లారీ తోలుకొచ్చి పైపుతో బాస్‌నీ రాక్‌నీ తడిపాడు. 1998 ఏప్రిల్ 13న వీళ్లిద్దరికీ మ్యాచ్ అని ప్రకటించిన రాత్రే అవతలి కంపెనీ 83 వారాల పరంపర తెగింది. మెక్‌మాన్ లేకపోతే ఆస్టిన్ సగమే.

రాక్, ఆస్టిన్‌లలో ఎవరు ఎక్కువ గెలిచారు?

రెసిల్‌మేనియాల్లో మూడు మ్యాచ్‌లు: 1999, 2001 ఆస్టిన్‌వి, 2003 రాక్‌ది. 2001లో హ్యూస్టన్‌లో గెలవడానికి ఆస్టిన్ తన బద్ధశత్రువు మెక్‌మాన్‌తోనే చేతులు కలిపాడు. సొంత రాష్ట్రం టెక్సస్‌లో, ఆ జనం ముందు విలనవ్వడం ఏం తెలివో నాకిప్పటికీ అర్థం కాదు. మ్యాచ్ మాత్రం ముగ్గురికి చూపించినా ముగ్గురూ అభిమానులైపోయారు.

మెక్సికో రెజ్లింగ్‌లో ముసుగు కోసం అంత గొడవేంటి?

అక్కడ ముసుగే పరువు. ఓడినవాడు అందరి ముందూ తీసెయ్యాలి. 1952లో ఎల్ శాంటో అనే రెజ్లర్ బ్లాక్ షాడో అనేవాణ్ని ఓడించి ముసుగు తీయించాడు. షాడో పార్ట్‌నర్ బ్లూ డీమన్ ఆ పగ పట్టి మరుసటి ఏడాది శాంటోని ఓడించాడు. 1984లో శాంటో చనిపోతే ముసుగుతోనే సమాధి చేశారు.

## ఇప్పుడు చూస్తున్నవాళ్లకి

బ్లడ్‌లైన్‌లో ఎవరికి ఎవరు ఏమవుతారు?

బ్లడ్‌లైన్ అంటే రోమన్ రెయిన్స్ చుట్టాలతో కట్టిన ముఠా. టీవీలో అందరినీ కజిన్స్ అనేసి ఊరుకుంటారు, మన వరసల్లో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. అఫా, సికా అన్నదమ్ములు, పాత జట్టు వైల్డ్ సమోవన్స్ వీళ్లే. సికా కొడుకు రోమన్ రెయిన్స్. సికా అక్కచెల్లెళ్లలో ఒకామె కొడుకు రికిషి, అంటే రోమన్‌కి మేనత్త కొడుకు, బావ వరస. రికిషి కొడుకులు జిమ్మీ, జే ఉసో, సోలో సికోవా. అంటే రోమన్ గద్దెనెక్కి దండించింది మేనల్లుళ్ల వరసవాళ్లని. రాక్‌ది రక్తసంబంధం కాదు: అతని తల్లి తరఫు తాత పీటర్ మైవియా, అఫా సికాల తండ్రి ఇద్దరూ అన్నదమ్ములమని ప్రమాణం చేసుకున్నారు, ఆ కట్టుబాటునే రెండు కుటుంబాలూ నిలబెట్టుకున్నాయి.

షీల్డ్‌ని విడగొట్టిన కుర్చీ గురించి ఇంకా మాట్లాడతారేంటి?

ఆ కుర్చీ కథ పదేళ్లు నడిచింది కాబట్టి. 2012 నవంబర్‌లో షీల్డ్ ముఠాగా వచ్చిన రోమన్ రెయిన్స్, సెత్ రోలిన్స్, డీన్ ఆంబ్రోస్ పిడికిళ్లు కలిపి నిలబడితే ఎదురు లేదు. 2014 జూన్ 2న రోలిన్స్ వెనకనుంచి రోమన్ వీపు మీద కుర్చీతో కొట్టాడు. రోమన్ ఆ దెబ్బ మర్చిపోలేదు. 2024 ఏప్రిల్ 7, ఫిలడెల్ఫియా, రెసిల్‌మేనియా 40. రోమన్ చేతిలో కుర్చీ ఉంది. ఒక పక్క బెల్ట్ కోసం వచ్చిన కోడీ రోడ్స్, ఇంకో పక్క పాత షీల్డ్ డ్రెస్‌లో రోలిన్స్. కోడీని కొడితే బెల్ట్ మిగులుతుంది. రోమన్ ఒక్క క్షణం ఆగి, రోలిన్స్ వీపు మీద కొట్టాడు. ఆ ఆలస్యానికి 1,316 రోజుల ఛాంపియన్‌షిప్ పోయింది. పగ తీర్చుకోవడానికి బెల్ట్ వదులుకున్నాడని ఎవరూ మైకులో చెప్పలేదు, చూసినవాళ్లకి అర్థమైంది.

సామీ జేన్ మొదట్లో బ్లడ్‌లైన్‌లో జోకర్ కదా, అంత ప్రేమ ఎలా వచ్చింది?

పెళ్లివారింట్లో పిలవకపోయినా వచ్చి పనులన్నీ చేసే చుట్టంలా చేరాడు. నవ్వించాడు, జే ఉసో తిట్టినా పడ్డాడు, మెల్లగా ఇంట్లోవాడయ్యాడు. 2023 జనవరి 28న రోమన్ అతని చేతికి కుర్చీ ఇచ్చి, కట్టేసి ఉన్న పాత స్నేహితుడు కెవిన్ ఓవెన్స్‌ని కొట్టమన్నాడు. సామీ ఏడుస్తూ రోమన్‌నే కొట్టాడు. అందరూ సామీ మీద పడితే జే ఉసో మాత్రం చెయ్యి వెయ్యలేక రింగ్ దిగి వెళ్లిపోయాడు. ముందునుంచీ సామీని నమ్మనిది అతనొక్కడే.

జాన్ సీనా చివర్లో విలనయ్యాడట?

అయ్యాడు, 2025 మార్చి 1న టొరంటోలో. రాక్ సైగ చేశాడు, కోడీని కౌగిలించుకుని ఉన్న సీనా అదే కౌగిట్లో దొంగదెబ్బ కొట్టాడు. ఇరవై ఏళ్లకి పైగా హీరోగా ఉన్న మనిషి. ఆ రాత్రి అద్భుతం, తర్వాత నడిపిన కథ చప్పగా ఉంది, రాక్ మళ్లీ సరిగ్గా కనిపించనేలేదు. ఏప్రిల్‌లో పదిహేడోసారి ఛాంపియన్ అయ్యాడు, ఆగస్టుకి మళ్లీ మంచివాడైపోయాడు, డిసెంబర్‌లో రిటైరయ్యాడు.

వీళ్లెప్పుడైనా మన దగ్గరికి వచ్చారా?

2023 సెప్టెంబర్ 8, హైదరాబాద్, గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం. సీనా మన దేశంలో ఆడటం అదే మొదటిసారి. రోలిన్స్‌తో కలిసి ఇంపీరియం జట్టు మీద ఆడి గెలిచాడు. ఈ సీనా, రోలిన్స్ ఒకప్పుడు బెల్టుల కోసం కొట్టుకున్నవాళ్లే, 2015లో రోలిన్స్ మోకాలు తగిలి సీనా ముక్కు నిజంగానే పగిలింది. గచ్చిబౌలిలో మాత్రం పక్కపక్కన నిలబడి చేతులెత్తారు.

మొత్తం చూసే టైమ్ లేదు, ఏ ఒక్కటి చూడమంటారు?

బ్రెట్, ఓవెన్ 1994 మ్యాచ్. ఇరవై నిమిషాల చిల్లర. రక్తం లేదు, కుర్చీల్లేవు, కథ ముందే తెలియక్కర్లేదు, అన్న మీద కోపమున్న తమ్ముడు అని తెలిస్తే చాలు. ఇంట్లో అన్నదమ్ములుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. మా అన్నతో చూశాను నేను, అయిపోయాక రిమోట్ కోసం కొట్టుకున్నాం.